దేశంలో అత్యంత విసుగు పుట్టించే, అధ్వానమైన హైవేలు ఏవి? చేపల లారీతో 27 ఏళ్లు తిరిగిన అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సంక్రాంతి సెలవులకు ఇంటిల్లిపాదీ కారులో హైదరాబాద్ నుంచి బయల్దేరి నాగపూర్, ముంబై, గోవా, మంగళూరు, బెంగళూరు చుట్టి రావాలనుకుంటున్నారు. దేశంలో బండి నడపడానికి విసుగు పుట్టించే హైవేలు ఏవి, ఆలనాపాలనా లేక పాడైపోయినవి ఏవి, వాటిలో మీ దారిలో తగిలేవి ఏవి, అసలు రోడ్లు ఎందుకిలా అవుతాయి అని అడిగారు.

సూటిగా చెప్తాను. విసుగులో మొదటిది నాగపూర్–ముంబై సమృద్ధి మహామార్గ్. అధ్వానంలో మొదటిది ముంబై–గోవా హైవే, అంటే ఎన్‌హెచ్ 66లో పన్వేల్ నుంచి రత్నగిరి జిల్లా దాటేదాకా ఉన్న ముక్క. రెండూ మీ దారిలోనే ఉన్నాయి. ముంబై–గోవా రోడ్డును తప్పించుకోవచ్చు. సమృద్ధిని తప్పించుకోనక్కర్లేదు గానీ దాని మీద బండి నడిపే పద్ధతి వేరు. గుంతల రోడ్డు కన్నా ఆ నున్నటి రోడ్డు అంటేనే నాకు ఎక్కువ భయం. ఆ రెండింటి కన్నా భయపడేది ఇంకొకటుంది: సగం వేసి వదిలేసిన రోడ్డు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

మాది పశ్చిమ గోదావరి జిల్లా ఆకివీడు. 1998లో చేపల లారీకి క్లీనర్‌గా ఎక్కాను. ఆరేళ్లు క్లీనరు, పద్నాలుగేళ్లు డ్రైవరు, ఇప్పుడు సొంతానికి రెండు లారీలు. డ్రైవరు సెలవు పెడితే ఈ రోజుకీ నేనే స్టీరింగ్ పట్టుకుంటాను. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేప ఐసులో పెట్టుకుని హౌరా, సిలిగురి, గువాహటి వెళ్తాం. మధ్యలో కొన్నేళ్లు రొయ్యల మేత తయారు చేసే వాళ్లకి మంగళూరు, రత్నగిరి వైపు నుంచి ఫిష్ మీల్ (ఎండు చేపల పొడి) తోలాను. చేపల లోడుకు ఆగడమనేది ఉండదు, ఐసు కరిగిపోతూ ఉంటుంది. అందుకే ఏ రోడ్డు ఎక్కడ ఎన్ని గంటలు తింటుందో మాకు బాగా గుర్తుండిపోతుంది.

ముందు విసుగు సంగతి.

సమృద్ధి మహామార్గ్ 701 కిలోమీటర్లు. 2022 డిసెంబరులో నాగపూర్–షిర్డీ ముక్క తెరిచారు. 2025 జూన్‌లో ముంబై శివార్ల దాకా పూర్తయింది. సిమెంటు రోడ్డు, అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు. సిగ్నల్ లేదు, ఊరు లేదు, అడ్డం వచ్చే గేదె లేదు. కార్లకు 120 వేగం అనుమతి. ఇంత మంచి రోడ్డును విసుగులో మొదట ఎందుకు పెట్టావంటే, నడిపేవాడి కళ్లకు అది ఏ పనీ పెట్టదు కాబట్టి. మన పాత ఎన్‌హెచ్ 5 (ఇప్పటి ఎన్‌హెచ్ 16) మీద వెళ్లేటప్పుడు టీ బడ్డీ కనిపిస్తుంది, బస్సు ఆగుతుంది, సైకిలు అడ్డం వస్తుంది, ఎదుటి బండివాడు డిప్పర్ కొడతాడు. ఇవన్నీ చికాకు అనుకుంటాం గానీ డ్రైవరును మెలకువగా ఉంచేవి ఇవే. సమృద్ధి మీద తెల్లటి సిమెంటు, పక్కన ఒకే రకం కంచె, గంటల తరబడి ఒకటే ఇంజను చప్పుడు. నిద్ర వస్తే మనిషికి తెలుస్తుంది, బండి ఆపుకుంటాడు. ఇక్కడ కళ్లు తెరుచుకునే ఉంటాయి, బుర్ర పనిచేయడం మానేస్తుంది. దీన్ని హైవే హిప్నాసిస్ అంటారు. నాగపూర్‌లోని వీఎన్‌ఐటీ ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు ఈ రోడ్డును పరిశీలించి ఇదే మాట చెప్పారు.

నాకు జరిగింది చెప్తాను. 2023 మార్చిలో నాగపూర్‌లో చేప దింపి, తిరుగు కిరాయికి ఉల్లిపాయలు ఎత్తుకుందామని ఖాళీ బండితో నాసిక్ బయల్దేరాను. పట్టపగలు. ముందు రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయాను. మెహకర్ దగ్గర నీళ్లు తాగడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది జాల్నా బోర్డు. మధ్యలో ఎనభై కిలోమీటర్ల పైన ఉంటుంది. అందులో ఒక్క వంతెన గానీ ఒక్క బండి గానీ నాకు గుర్తు లేదు. బండి వరస తప్పలేదు, వేగం మారలేదు, నడిపింది నేనే. కానీ ఆ గంటలో ముందు ఏ బండైనా ఆగి ఉంటే నా కాలు బ్రేకు మీదకు వెళ్లేదని నేను నమ్మను. పక్కకు తీసి ఆపాక చేతులు వణికాయి. అప్పటికి నేను బండెక్కి పాతికేళ్లు.

అదే ఏడాది జులై 1న తెల్లవారుజామున ఆ రోడ్డు మీదే బుల్ఢాణా జిల్లాలో ఒక ప్రైవేటు బస్సు బోల్తాపడి మంటలు అంటుకుని 25 మంది చనిపోయారు. దాని కారణాలు వేరే ఉండొచ్చు, దర్యాప్తు చేసినవాళ్లకే తెలియాలి. ఆ వార్త చూసిన రోజు మాత్రం నాకు అన్నం సహించలేదు.

ఈ రోడ్డు మీద మీరు చేయాల్సినవి:

అలసట ఉన్నా లేకపోయినా, ప్రతి వంద కిలోమీటర్లకూ వసతి ఉన్నచోట దిగండి. "బాగానే ఉన్నాను, ఇంకో యాభై లాగేద్దాం" అనిపించినప్పుడే దిగాలి. కారు దిగి నాలుగు అడుగులు నడవాలి, సీట్లో కూర్చుని టీ తాగితే సరిపోదు. క్రూయిజ్ కంట్రోల్ (కాలు తీసినా కారు అదే వేగంతో వెళ్లే ఏర్పాటు) ఉంటే ఇక్కడ వాడొద్దని నా మాట, కాలికి కూడా పని లేకపోతే బుర్ర ఇంకా తొందరగా ఆగిపోతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లు నిద్రపోకూడదు. క్లీనరును మేం బండి తుడవడానికే పెట్టుకుంటామని అందరూ అనుకుంటారు. రాత్రి రెండు గంటలకు డ్రైవరుతో మాట్లాడుతూ ఉండటమే వాడి అసలు పని. మీ ఇంట్లో ఆ పని ఎవరిదో బయల్దేరే ముందే అనుకోండి.

రెండోది టైర్లు. సిమెంటు రోడ్డు మీద గంటల తరబడి వేగంగా వెళ్తే టైరు బాగా వేడెక్కుతుంది. గాలి తక్కువగా ఉన్న టైరు పక్కలు ఎక్కువ వంగి ఇంకా వేడెక్కి పేలుతుంది. చాలామంది వేడికి గాలి పెరుగుతుందని ముందే తగ్గించి పెట్టుకుంటారు, అది తప్పు. కంపెనీ చెప్పినంత గాలి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్లు దాటిన టైరుతో, పైన బటన్లు (గాళ్ల మధ్య రబ్బరు దిమ్మెలు) ఎంత బాగున్నా, నేనైతే సమృద్ధి ఎక్కను. ఢిల్లీ వైపు యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీదా ఇదే జాగ్రత్త. అక్కడ చలికాలం పొగమంచు అదనం. అందుకే ఆ నెలల్లో అక్కడ వేగ పరిమితి తగ్గిస్తారు.

విసుగు పుట్టించేవి ఇంకా ఉన్నాయి. గుజరాత్‌లో సామఖియాలీ నుంచి రాధన్‌పూర్ వైపు బల్లపరుపు నేల, ఉప్పు లారీలు, ఎండ, ఇంకేం ఉండదు. మన దగ్గర ఒంగోలు నుంచి సూళ్లూరుపేట, కర్నూలు నుంచి అనంతపురం కూడా అంతే. కానీ వీటి మీద నలభై కిలోమీటర్లకో ఊరు తగులుతుంది, మనిషి మొహం కనిపిస్తుంది. సమృద్ధితో వీటికి పోలిక లేదు.

ఇక అధ్వానం. ముంబై–గోవా.

ఈ రోడ్డును నాలుగు వరసలు చేసే పని 2011లో మొదలైంది. ముందు పన్వేల్ నుంచి ఇందాపూర్ దాకా 84 కిలోమీటర్లు. ఆ రోజు పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు, రోడ్డు మాత్రం ముక్కలు ముక్కలుగానే ఉంది. బాంబే హైకోర్టులో కేసులు నడిచాయి. గడువు మీద గడువు ఇచ్చారు. ఏటా వినాయక చవితికి ముంబైలో ఉండే కొంకణ్ వాళ్లు లక్షల్లో సొంతూళ్లకు వెళ్తారు, ఏటా ఆ ముందు వారమే గుంతలు పూడుస్తారు. వాన పడుతుండగా వేసిన ప్యాచ్ ఎన్నాళ్లు ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

2014 జులైలో రత్నగిరి నుంచి ఫిష్ మీల్ బస్తాలు ఎత్తి పన్వేల్ మీదుగా రావాల్సి వచ్చింది. కశేడి కొండదారి (ఘాటు) దిగి మహాడ్ దాటాక రోడ్డు అనేదే లేదు. నీళ్లు నిండిన గుంతలో ముందు చక్రం దిగితే గానీ లోతు తెలియదు. మాణ్‌గావ్ దగ్గర వెనక కమాన్ కట్టలో (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) పెద్ద పట్టీ విరిగింది. రాత్రి పదకొండు, వాన, జాకీ పెడితే బురదలో దిగిపోతోంది. తెల్లారేదాకా అక్కడే ఉన్నాం. అక్కడి నుంచి పన్వేల్ సుమారు వంద కిలోమీటర్లు, దానికి ఏడు గంటలు పట్టింది. ఆ ట్రిప్పు కిరాయి కమాన్‌కు, రెండు టైర్లకు సరిపోయింది.

అది డబ్బు నష్టం, పోనివ్వండి. 2016 ఆగస్టు 2 రాత్రి మహాడ్ దగ్గర సావిత్రి నది మీద బ్రిటిష్ కాలపు రాతి వంతెన వరదకు కూలిపోయింది. రెండు ప్రభుత్వ బస్సులు, ఇంకొన్ని బండ్లు నదిలో కొట్టుకుపోయాయి. ఆ వంతెన మీద మేం ఎన్ని రాత్రులు దాటామో. చీకట్లో ముందు వంతెన ఉందో లేదో ఏ డ్రైవరు చూసుకుంటాడు? రోడ్డు ఉందని నమ్మి వెళ్తాడు. దాని స్థానంలో కొత్త వంతెన 165 రోజుల్లో కట్టేశారు, 2017 జూన్‌లో తెరిచారు. చేయగలిగినవాళ్లు ముందే ఎందుకు చేయలేదన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

న్యాయంగా చెప్పాలంటే రోడ్డు మొత్తం అలా లేదు. సింధుదుర్గ్ జిల్లాలో కణకవలి నుంచి గోవా సరిహద్దు దాకా బాగుంది. కశేడి ఘాటు కింద సొరంగం వచ్చింది. బాధంతా రాయగఢ్, రత్నగిరి జిల్లాల్లోనే, అదీ ఎక్కువగా వానాకాలంలో. మీరు వెళ్లేది జనవరిలో కాబట్టి నాకు జరిగినంత మీకు జరగదు. అయినా పిల్లలతో రాత్రిపూట మాత్రం ఆ రోడ్డు వద్దు.

మూడోది, అన్నిటికన్నా ప్రమాదమైనది: సగం వేసిన రోడ్డు.

మొత్తం గుంతలే ఉన్న రోడ్డు మీద ఎవరైనా ముప్పై మీదే వెళ్తారు. బండి పాడవుతుంది, నడుం పోతుంది, ప్రాణం మాత్రం చాలావరకు ఉంటుంది. పది కిలోమీటర్లు అద్దంలా ఉండి, వంద మీద వెళ్తుండగా ఒక్కసారి ఎడమకు డైవర్షన్ వచ్చే రోడ్డు వేరు. బోర్డు ఉండదు, ఉన్నా బురద కొట్టుకుపోయి ఉంటుంది. లేదా బోర్డు పెట్టిన చోటికి డైవర్షన్‌కి ఇరవై అడుగులు. రోడ్డు మనకు మాట ఇచ్చి చెప్పకుండా వెనక్కి తీసుకున్నట్టు.

2019లో ఒడిశాలో, ఎన్‌హెచ్ 16 మీద చండీఖోల్ దాటాక, ఆరు వరసల పని ఏళ్ల తరబడి సాగుతున్న రోజుల్లో నా బండి ఇలాగే సిమెంటు దిమ్మెకు గుద్దుకుంది. దిమ్మెకు రంగు లేదు, మెరిసే స్టిక్కరు లేదు. ఎదురుగా హైబీము వేసుకుని ఒక బస్సు వస్తోంది. ఆ వెలుగులో దిమ్మె కనబడలేదు. నా వేగం 55. క్లీనరు కుర్రాడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. పదిహేడేళ్ల నుంచి నాకు తెలిసిన వాళ్లబ్బాయి. వాళ్లమ్మకు నేను ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. తప్పు ఎవరిదని అడిగితే పని చేయించేవాళ్లు పోలీసుల మీద, పోలీసులు నా మీద వేశారు.

లెక్కలు కూడా ఇదే చెప్తాయి. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. గుంతల ఖాతాలో రాసింది 1,856. అతివేగం ఖాతాలో రాసింది దాదాపు 1 లక్ష 20 వేలు. ఆ అతివేగంలో ఎంత భాగం, రోడ్డు ముందు వేగానికి అలవాటు చేసి తర్వాత హఠాత్తుగా తెగిపోవడం వల్ల జరిగిందో ఆ లెక్కలో ఉండదు. డ్రైవరు మీద రాస్తారు, కేసు అయిపోతుంది.

విస్తరణ ఆగిపోయిన రోడ్డు కూడా ఈ రకమే. హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి మీకు చేవెళ్ల రోడ్డు తెలిసే ఉంటుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా, రెండు వరసల రోడ్డు మీద నాలుగు వరసలకు సరిపడా బండ్లు. తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల మీద కేసు నడిచి విస్తరణ ఏళ్ల తరబడి నిలిచిపోయింది. చెట్లు పోకూడదని కోరినవాళ్లను నేను తప్పుపట్టను, ఆ నీడలో బండి ఆపుకుని నేనూ అన్నం తిన్నాను. చెట్లను ఉంచి పక్కన రోడ్డు వేసే లెక్క మొదట్లోనే వేసి ఉండాల్సింది. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. మధ్యలో డివైడరు ఉండి ఉంటే అలా ఎదురెదురుగా గుద్దుకునేవి కావు.

మా చేపల దారి గురించి కూడా చెప్పాలి, ఎప్పుడైనా మీరు సిలిగురి, డార్జిలింగ్ వైపు వెళ్తే పనికొస్తుంది. కోల్‌కతా నుంచి కృష్ణనగర్, బహరంపూర్, ఫరక్కా, మాల్దా, డాల్‌ఖోలా మీదుగా వెళ్లే రోడ్డు ఇప్పుడు ఎన్‌హెచ్ 12, పాత నంబరు 34. మా డ్రైవర్లలో "ముప్పై నాలుగు" అంటే చాలు, ఎదుటివాడు తల పట్టుకునేవాడు. ఫరక్కా బరాజ్ మీద రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఒక్క వంతెన, పక్కనే రైలు. రిపేరు మొదలుపెడితే లారీల వరస ఎంత దూరం ఉంటుందో చివర నిలబడ్డవాడికి తెలియదు. 2011లో నేను ఆ వరసలో ఇరవై రెండు గంటలు ఉన్నాను. దగ్గర్లో ఐసు ఫ్యాక్టరీ లేదు. డాల్‌ఖోలా రైలు గేటు దగ్గర ఇంకో ఐదు గంటలు. సిలిగురిలో పెట్టెలు విప్పితే కట్ల చేపల కళ్లు పాలిపోయి ఉన్నాయి, సగం ధరకు అడిగారు. ఆ చెరువు రైతు కౌలు కట్టడానికి అప్పు చేశాడని నాకు తెలుసు. రోడ్డు పాడైతే నష్టం లారీ దగ్గర ఆగదు, ఆకివీడులో చెరువు గట్టు దాకా వస్తుంది. ఇప్పుడు ఆ దారి చాలా మెరుగైంది. డాల్‌ఖోలాకు బైపాస్ వచ్చింది.

మా ఇంటి ముందు రోడ్డు సంగతి దాచిపెడితే తప్పవుతుంది. పామర్రు నుంచి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, ఉండి, భీమవరం మీదుగా దిగమర్రు వెళ్లే ఎన్‌హెచ్ 165. పేరుకు జాతీయ రహదారి. నల్లరేగడి నేల, ఎండకు బీటలు తీసి వానకు ఉబ్బుతుంది, పైన తారు ఏం నిలబడుతుంది? అటూ ఇటూ చెరువులు, రోడ్డు అంచు దాకా తవ్వేశారు. ఎప్పుడూ నీటి ఊట, మార్జిన్ జారిపోతుంది. పైగా మా లారీల నుంచి ఐసు నీళ్లు రోడ్డంతా కారుతూ ఉంటాయి. తారుకు నీళ్లే శత్రువు. నా బండ్లకు కింద ట్యాంకు పెట్టించి నీళ్లు పట్టి ఒక చోట వదలమని చెప్పాను. ఇంకా అందరూ పెట్టించలేదు. మా రోడ్డు పాడవడంలో మా చేయి ఉందని మా వాళ్లతో గొడవ పడుతూనే ఉన్నాను.

రోడ్లు ఎందుకిలా అవుతాయి అని కూడా అడిగారు. ఇంజినీర్లు ఇంకా బాగా చెప్తారు. రోడ్డు మీద బతికినవాడిగా నాకు తెలిసినవి మూడు.

నీళ్లు. కాలువ పూడిపోతే వాన నీరు రోడ్డు మీద నిలుస్తుంది, చిన్న పగుల్లోంచి కింద కంకరలోకి దిగుతుంది, పైన లారీ వెళ్లిన ప్రతిసారీ ఆ నీరు లోపల నొక్కుకుని కంకరను కదిలిస్తుంది. వారంలో గుంత. గుంత పూడ్చి కాలువ తీయకపోతే మళ్లీ అదే చోట గుంత పడుతుంది. నేను ఏళ్ల తరబడి చూసిన గుంతలు కొన్ని ఉన్నాయి, చోటు మారవు.

బరువు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు పదహారు రెట్లు. అంటే ఓవర్‌లోడు టిప్పరు ఒక్కటి వెళ్తే వేల కార్లు వెళ్లిన దానికంటే ఎక్కువ. 2018లో పది చక్రాల లారీకి మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. పాత లెక్కతో వేసిన రోడ్లు పాత లెక్కతోనే ఉన్నాయి. పెంచిన పరిమితి కన్నా ఎక్కువ వేసేవాళ్లూ ఉన్నారు. కిరాయి టన్ను లెక్కన ఇచ్చినంత కాలం వేస్తూనే ఉంటారు.

మూడోది బాధ్యత. విస్తరణ ఒప్పందం అయ్యాక పాత రోడ్డును కూడా బాగా ఉంచాలని కాగితం మీద ఉంటుంది. నిజానికి "ఎలాగూ కొత్తది వస్తుంది కదా" అని పాతదాన్ని వదిలేస్తారు. కొత్తదేమో భూమి దగ్గరో డబ్బు దగ్గరో కోర్టులోనో ఆగుతుంది. ఆ మధ్యకాలం ఐదేళ్లు, పదేళ్లు. మహారాష్ట్రలో అమరావతి–అకోలా రోడ్డు అలాగే ఏళ్ల తరబడి చచ్చిపోయి ఉండేది. 2022 జూన్‌లో అక్కడే 75 కిలోమీటర్ల మేర తారు 105 గంటల 33 నిమిషాల్లో పరిచి గిన్నిస్ రికార్డు కొట్టారు. తారు పరచడం ఎప్పుడూ కష్టం కాదు మరి.

టోలు గురించి ఒక మాట. అధ్వానమైన రోడ్డుకు టోలు ఎందుకు కట్టాలని అడిగే హక్కు మనకుంది. కేరళలో ఎన్‌హెచ్ 544 మీద పాలియెక్కర టోలును రోడ్డు పాడైందని హైకోర్టు 2025 ఆగస్టులో నాలుగు వారాలు ఆపేసింది. సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వును సమర్థించింది. పని కొంత జరిగాక అక్టోబరులో షరతులతో మళ్లీ మొదలైంది. టోలు ఆగగానే పని ఎంత చురుగ్గా సాగిందో అటు నుంచి వచ్చిన డ్రైవర్లు చెప్పారు.

ఇప్పుడు మీ దారి.

హైదరాబాద్–నాగపూర్ ఎన్‌హెచ్ 44 బాగుంటుంది, దాని గురించి బెంగ వద్దు. నాగపూర్‌లో ఒక రాత్రి పడుకుని ఉదయం ఆరింటికి సమృద్ధి ఎక్కండి. ఒకే రోజులో ముంబై చేరాలని పెట్టుకోకుండా షిర్డీలో ఆగండి, పిల్లలకూ బాగుంటుంది.

ముంబై నుంచి గోవాకు నేనైతే పుణె, సతారా, కొల్హాపూర్ మీదుగా ఎన్‌హెచ్ 48లో వెళ్లి, సంకేశ్వర్ దగ్గర కుడికి తిరిగి ఆజరా, అంబోలి ఘాటు మీదుగా సావంత్‌వాడి దిగుతాను. దూరం ఎక్కువే. సతారా–కొల్హాపూర్ మధ్య కూడా ఆరు వరసల పని, డైవర్షన్లు ఉన్నాయి. అందుకే ఆ ముక్క పగలే దాటండి. అంబోలి ఘాటులో దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్ వేయొద్దు, ఊరికే బ్రేకు తొక్కి పెట్టొద్దు.

గోవా నుంచి మంగళూరుకు మళ్లీ ఎన్‌హెచ్ 66. ఇక్కడ చాలావరకు నాలుగు వరసలు, పక్కన సముద్రం, విసుగన్న మాటే లేదు. కార్వార్, అంకోలా మధ్య కొండను నిలువుగా కోసిన చోట్లు చూస్తారు. 2024 జులైలో శిరూర్ దగ్గర అలాంటి చోటే కొండ విరిగి రోడ్డు మీద పడింది. టీ కొట్టు దగ్గర ఆగిన ఒక లారీ గంగావళి నదిలోకి వెళ్లిపోయింది, రెండు నెలలు దాటాక గానీ దొరకలేదు. ఆ రోజుల్లో లారీ వాళ్లం ఎవరం ఫోన్ చేసుకున్నా అదే మాట. జనవరిలో ప్రమాదం ఉండదు గానీ కోసిన కొండ కింద మాత్రం బండి ఆపొద్దు, ఫొటోల కోసం అసలే వద్దు.

మంగళూరు నుంచి బెంగళూరుకు శిరాడి ఘాటు. వానాకాలంలో కొండచరియలు పడి మూసేస్తారు, మీకు ఆ ఇబ్బంది లేదు. సకలేశ్‌పూర్ వైపు పని ఇంకా మిగిలి ఉంది, లారీలు ఎక్కువ. పొద్దున్నే బయల్దేరితే తొమ్మిదిలోపు ఘాటు ఎక్కేస్తారు. బెంగళూరు–హైదరాబాద్ మీకు తెలిసిందే. చివరి రోజు ఇంటికి వెళ్లిపోదామన్న ఆత్రంలో రాత్రి నడపకండి. సంక్రాంతి తిరుగు ప్రయాణాల రద్దీ కూడా ఆ రోజుల్లోనే.

మ్యాపు దూరం చెప్తుంది, రోడ్డు స్థితి చెప్పదు. నిన్న రాత్రి పడ్డ డైవర్షన్ అసలే చెప్పదు. ప్రతి రోజూ పొద్దున బయల్దేరే ముందు ధాబాలో మీకు ఎదురుదిక్కు నుంచి వచ్చిన లారీ డ్రైవరును అడగండి. "ముందు రోడ్డు ఎలా ఉంది?" అంటే చాలు, ఏ భాషవాడైనా చేతులతో సహా వివరంగా చెప్తాడు. జాతీయ రహదారి మీద బండి ఆగిపోయినా, ప్రమాదం చూసినా, బోర్డు లేని డైవర్షన్ కనిపించినా 1033కి ఫోన్ చేయండి. పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి మీద అంకె చూసి చెప్పండి, లేకపోతే మీరు ఎక్కడున్నారో వాళ్లకు దొరకదు. చండీఖోల్ దగ్గర ఆ రాత్రి నేను ఆ అంకె చూసుకోలేదు, అంబులెన్సు మమ్మల్ని వెతుక్కుంటూ గంట తిరిగింది.

బయల్దేరే తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. ఆ వారం అటు వెళ్లి వచ్చిన మా డ్రైవర్లను అడిగి ఎక్కడ పని జరుగుతోందో చెప్తాను.